వానకి పోయే ఫ్రీ డిష్: తప్పు గొడుగుదా, అది చూసే దిక్కుదా?

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెప్తాను. ఖమ్మంలో రెండంతస్తుల ఇల్లు, డాబా మీద డీడీ ఫ్రీ డిష్. మే నెల గాలిదుమారానికి గొడుగు, అంటే ఆ డిష్ రేకు, తిరిగిపోయింది. షాపులో సాట్ ఫైండర్, అంటే సిగ్నల్ తగిలితే కూసే చిన్న మీటరు, కొనుక్కొచ్చి, అది గట్టిగా కూసిన చోట మీరే బిగించేశారు. ఛానళ్లు వస్తున్నాయి. బాక్సులో స్ట్రెంగ్త్ 82, క్వాలిటీ 36. కాని నాలుగు చినుకులు పడితే చాలు, బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి నో సిగ్నల్ అంటోంది. షాపతను 60 సెంటీమీటర్ల గొడుగు తీసేసి 90ది వేసుకోమంటున్నాడు. వేసుకోవాలా అని అడిగారు.

వద్దండీ. కనీసం ఇప్పుడే వద్దు. మీరు చెప్పిన ఆ రెండు అంకెల్లోనే సగం జవాబు ఉంది. స్ట్రెంగ్త్ 82 ఉండి క్వాలిటీ 36 దగ్గర ఆగిపోయిందంటే గొడుగు చిన్నదని కాదు, వేరే వైపు చూస్తోందని నా అనుమానం. అదీ ఎంతో దూరం కాదు, పైపు మీద ఒక మిల్లీమీటరు తేడా ఉంటే ఎక్కువ.

స్ట్రెంగ్త్ అంటే కేబుల్లో మొత్తం ఎంత సందడి వస్తోందనే లెక్క. అందులో మీ ఉపగ్రహం గొంతు ఉంటుంది, పక్క ఉపగ్రహం గొంతు ఉంటుంది, గొడుగు ముందు కడ్డీ కొసన సిగ్నల్ అందుకునే ఎల్ఎన్‌బీ సొంత రొద కూడా ఉంటుంది. కొన్ని బాక్సులైతే గొడుగుని గోడకేసి తిప్పి పెట్టినా స్ట్రెంగ్త్ యాభై చూపిస్తాయి. క్వాలిటీ అలా కాదు. మనం అడిగిన ట్రాన్స్‌పాండర్, అంటే ఉపగ్రహంలో కొన్ని ఛానళ్లని కిందికి పంపే పరికరం, దాని మాటలు ఎంత స్పష్టంగా వినబడుతున్నాయో అది చెప్తుంది. పెళ్లి పందిట్లో మైకు ఎంత పెద్దగా మోగుతోందన్నది స్ట్రెంగ్త్, పంతులుగారి మంత్రం ఎంత అర్థమవుతోందన్నది క్వాలిటీ. సాట్ ఫైండర్‌కి మొదటిదే తెలుసు. ఎక్కడ మోత ఎక్కువుంటే అక్కడ కూస్తుంది, అది ఏ ఉపగ్రహమో దానికి పట్టదు.

మన ఆకాశంలో ఆ మోత బోలెడు. ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 నుంచి. 2015 నవంబరులో పంపిన ఈ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, భూమధ్యరేఖకి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంది. దానికి ఒక పక్కన 95 డిగ్రీల దగ్గర ఎస్ఈఎస్-8, ఇంకో పక్కన 91.5 దగ్గర మీశాట్ ఉన్నాయి. ఆ రెండింటి మీదా మన దేశపు డీటీహెచ్ సర్వీసులు నడుస్తున్నాయి. ఇంకాస్త పడమరకి జరిగితే 88, ఇంకా జరిగితే 83. గుంటూరు బ్రాడీపేట సందుల్లో ఇళ్లలాగా ఒకదాన్నానుకుని ఒకటి.

ఇప్పుడు పైపు దగ్గరికి వద్దాం. మామూలుగా గొడుగు బిగించేది ఒకటిన్నర అంగుళం జీఐ పైపు మీద. దాని బయటి వ్యాసం 48 మిల్లీమీటర్లు. అంటే క్లాంపుని ఒక డిగ్రీ తిప్పితే పైపు మీద అది జరిగేది అర మిల్లీమీటరు కన్నా తక్కువ. ఖమ్మం నుంచి చూస్తే 93.5కీ 95కీ దిక్కులో తేడా మూడు డిగ్రీలు, ఎత్తులో, అంటే తల ఎంత పైకెత్తి చూడాలన్న కోణంలో, ఒక డిగ్రీ పైచిలుకు. మూడు డిగ్రీలంటే పైపు మీద 1.3 మిల్లీమీటర్లు, అంటే రెండు ఏటీఎం కార్డుల మందం కన్నా తక్కువ. 60 సెంటీమీటర్ల గొడుగు చూపు మూడు డిగ్రీల వెడల్పు ఉంటుంది కాబట్టి రెండు ఉపగ్రహాల మధ్యలోకి తిప్పి పెడితే రెండూ కొంచెం కొంచెం పడతాయి. అక్కడ మోత అన్నిటికన్నా ఎక్కువ, ఫైండర్ అక్కడే కూస్తుంది. మీ 82 అలా వచ్చిందే అయ్యుంటుంది. రెండో గొంతు అడ్డు పడుతోంది కాబట్టి క్వాలిటీ 36 దాటలేదు.

మరి 36తో ఎండలో బొమ్మ శుభ్రంగానే ఉందిగా అంటారు. డిజిటల్‌తో చిక్కే అది. పాత దూరదర్శన్ రోజుల్లో సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చుక్కలు పడేవి, ఇంకా తగ్గితే మంచు కురిసినట్టుండేది. డాబా మీదున్న నాన్నకి కింద నుంచి అమ్మ "వచ్చింది, వచ్చింది... ఆఁ పోయింది" అని కేకలేస్తే ఆ లెక్కన తిప్పేవాళ్లం. ఇప్పుడు అలా మెల్లగా చెడిపోవడం లేదు. క్వాలిటీ 95 ఉన్నా బొమ్మ అదే, 36 ఉన్నా బొమ్మ అదే, 30కి దిగితే మొత్తం మాయం. మీరు నిలబడ్డది బావి గట్టు అంచున. ఇంటి గొడుగులకి వచ్చే ఈ కేయూ బ్యాండ్ సిగ్నల్ని చినుకులు మింగేస్తాయి, దాని మీద వాన తన రొద కూడా కలుపుతుంది. సరిగ్గా పెట్టిన గొడుగుకైనా జడివానలో క్వాలిటీ దిగాల్సిందే, కాని దిగడానికి దానికి మెట్లుంటాయి. మీకు లేవు.

నేను ఈ పనిలోకి వచ్చింది తొంభైల్లో, తెనాలిలో ఒక కేబుల్ ఆపరేటర్ దగ్గర పన్నెండడుగుల జాలీ డిష్‌లు మోసే కుర్రాడిగా. తర్వాత డీటీహెచ్ వచ్చాక చిన్న గొడుగులు. ఒక మిల్లీమీటరు ఏం చేస్తుందో నాకు బాగా తెలిసొచ్చింది 2010లో. ఆ జులైలో, అప్పట్లో 93.5 దగ్గరున్న ఇన్‌శాట్-4బీ ఉపగ్రహానికి సోలార్ ప్యానెల్ వైపు ఇబ్బంది వచ్చి సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేయాల్సి వచ్చింది. దాని మీదున్న ఒక సర్వీసు ఛానళ్లు 93.5 నుంచి 91.5కి మారాయి. ఊళ్లో వీధికి పది గొడుగులు తిప్పాలి. మొదటి రోజు డాబా డాబాకీ గంట పట్టింది. మూడో రోజుకి లెక్క దొరికింది. క్లాంపు దగ్గర పైపు మీద పెన్సిల్ గీత, దానికి రెండు మిల్లీమీటర్ల పక్కన ఇంకో గీత, క్లాంపుని ఈ గీత నుంచి ఆ గీతకి జరపడం, గొడుగు మొహం పిసరంత పైకెత్తడం. పావుగంటలో దిగిపోయేవాణ్ణి.

సరే, మీ డాబా మీదికి వద్దాం. పానా పట్టుకోక ముందే చూసుకోవాల్సినవి కొన్నున్నాయి.

గాలికి తిరిగిన గొడుగు చాలాసార్లు వంగి కూడా ఉంటుంది. కంటికి కనబడదు. రెండు దారాలు తీసుకుని గొడుగు అంచు నుంచి ఎదురు అంచుకి అడ్డంగా, నిలువుగా బిగించి కట్టండి. రెండు దారాలూ కలిసే చోట ఒకదాన్నొకటి ముట్టీముట్టనట్టు తగలాలి. మధ్యలో వేలు దూరేంత సందు కనిపించినా, ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుతున్నా ఆ గొడుగు మెలి తిరిగిందని అర్థం. ఈ సిగ్నల్ అల పొడవు రెండున్నర సెంటీమీటర్లే, అందుకని రేకు మీద రెండు మూడు మిల్లీమీటర్ల వంకర కూడా దెబ్బ కొడుతుంది. సుత్తితో సరిచేద్దామని మాత్రం చూడకండి. వంగిందని తేలితే అదే సైజులో కొత్త రేకు తెచ్చుకోండి.

తర్వాత ఎల్ఎన్‌బీ మూతి. దాని మీద తెల్లటి ప్లాస్టిక్ మూత ఉంటుంది. మన ఎండలకి నాలుగైదేళ్లలో అది పెళుసెక్కి పగుళ్లిస్తుంది. పగిలిందా, వాన నీళ్లు లోపలికి పోతాయి, కందిరీగలు మట్టిగూడు కడతాయి. ఒకసారి బల్లి గుడ్లు కూడా చూశాను. మూత పగిలుంటే దాంతో కుస్తీ పట్టొద్దు, ఎల్ఎన్‌బీ మార్చేయండి. వాన పడ్డప్పుడు పోయి, వాన ఆగాక కూడా గంటా రెండు గంటల దాకా రాకపోతే అది దిక్కు తప్పు కాదు, తడి ఎక్కడో లోపలికి చేరింది. మీ ఇంట్లో వాన ఆగిన వెంటనే వస్తోందా, ఆలస్యంగా వస్తోందా అన్నది మీరు రాయలేదు. అది చూడండి.

కేబుల్ కొసన ఎఫ్ కనెక్టర్ విప్పి చూడండి. విప్పే ముందు బాక్స్ ప్లగ్గు పీకేయండి, ఆ వైరులో బాక్స్ నుంచి ఎల్ఎన్‌బీకి 13 వోల్టులో 18 వోల్టులో కరెంటు పోతుంటుంది, జాలీ వైరు మధ్య తీగకి తగిలితే బాక్స్‌కే ప్రమాదం. మధ్య రాగి తీగ మెరుస్తూ ఉండాలి. పచ్చగా చిలుం పట్టి ఉంటే రెండంగుళాలు కోసేసి కొత్త కనెక్టర్ వేయండి. పాలిథిన్ కవర్ చుట్టి దారం కట్టడం మనవాళ్లకి అలవాటు. చుట్టొద్దు. నీళ్లు లోపలికి ఎలాగూ పోతాయి, బయటికి రావడానికే దారి ఉండదు. కేబుల్ కనెక్టర్‌ని చేరే ముందు కిందికి ఒక వంపు తీసుకుని పైకి ఎక్కేలా కట్టండి, నీటిబొట్టు ఆ వంపు దగ్గరే జారిపోతుంది. అన్నట్టు, ఆ సాట్ ఫైండర్ ఇంకా లైనులోనే ఉందా? చాలామంది వదిలేస్తారు. తీసేయండి, అది కొంత సిగ్నల్ తింటుంది.

ఇప్పుడు అసలు సంగతి, పైపు. నన్నడిగితే ఈ పనిలో సగం పైపు నిలబెట్టడమే, ఎవరూ ఒప్పుకోరు గాని. పైపు తూకంలో లేకపోతే మీరు గొడుగుని పక్కకి తిప్పిన ప్రతిసారీ దాని మొహం పైకో కిందికో కూడా పోతుంది. అప్పుడు దిక్కు సరిచేస్తే ఎత్తు చెడుతుంది, ఎత్తు సరిచేస్తే దిక్కు చెడుతుంది, సాయంత్రం దాకా ఆ చుట్టూ ఈ చుట్టూ తిరుగుతారు. గాలిదుమారం గొడుగుని తిప్పిందంటే పైపుని కూడా కదిలించే ఉంటుంది. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చుకోండి, లేకపోతే దారానికి బరువైన నట్టు కట్టి తూకం గుండులా వేలాడదీయండి. ఒక వైపు నుంచి చూస్తే సరిపోదు. ఉత్తరం వైపు నుంచి ఒకసారి, తూర్పు వైపు నుంచి ఒకసారి, రెండు చోట్లా పైపు దారానికి సమంగా ఉండాలి. పిట్టగోడకి కొట్టిన యాంకర్ బోల్టులు చేత్తో ఊపితే కదులుతున్నాయా? ఇటుక గోడలో బోల్టు వదులైతే ఎంత బిగించినా నిలవదు. చోటు మార్చి స్లాబులోకో కాంక్రీటు పిల్లర్‌లోకో దించండి. స్లాబుకి తూట్లు పొడవడం ఇష్టం లేకపోతే పాత పెయింటు డబ్బాలో పైపు నిలబెట్టి కాంక్రీటు పోసినవాళ్లూ ఉన్నారు, మామూలు గాలికి అది ఆగుతుంది గాని దుమారానికి నమ్మలేం.

దిక్కు. ఖమ్మం నుంచి జీశాట్-15 ఉత్తరం నుంచి కుడిచేతి వైపుగా లెక్కపెడితే 141 డిగ్రీల దగ్గర ఉంటుంది. సరిగ్గా ఆగ్నేయం 135, దానికి కొంచెం దక్షిణంగా అన్నమాట. వాస్తు చూసి కట్టిన ఇల్లయితే వంటగది మూలకేసి చూడండి, దాదాపు అటే. నేను సరదాకి అనడం లేదు, మన ఊళ్లలో ఇళ్ల గోడలు దిక్కులకి బాగానే కలిసి ఉంటాయి, ఫోన్ దిక్సూచి కన్నా అవే నయమనిపించిన రోజులున్నాయి. ఫోన్ పెట్టే తంటా ఏంటంటే పైపు పక్కన నిలబడి చూస్తాం. ఇనుప పైపు, స్లాబులో ఊచలు, పక్కన వాటర్ ట్యాంకు స్టాండు, అన్నీ దాన్ని లాగుతాయి. నాలుగడుగులు దూరం జరిగి, ఫోన్‌ని రెండు మూడుసార్లు ఎనిమిది అంకెలా తిప్పి, అప్పుడు చూసుకోండి. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన దగ్గర తేడా ఒక డిగ్రీ చుట్టుపక్కలే, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. 141 డిగ్రీల వైపు దూరంగా ఏదైనా ఒక గుర్తు, సెల్ టవరో వేపచెట్టు కొసో చూసి పెట్టుకోండి. గొడుగు చేతిని, అంటే ఎల్ఎన్‌బీ బిగించిన కడ్డీని ఆ గుర్తుకి ఎక్కుపెట్టండి.

వేరే ఊళ్ల నుంచి చదివేవాళ్లు ఉంటారు కాబట్టి ఫ్రీ డిష్‌కే లెక్కలు చెప్తాను: హైదరాబాదులో దిక్కు 138, ఎత్తు 63 డిగ్రీలు. విజయవాడలో 141, దాదాపు 66. విశాఖలో 149, 66. తిరుపతిలో 133, 67. మీ ఖమ్మానికి ఎత్తు 64న్నర.

ఆ ఎత్తు దగ్గర అందరూ కంగారు పడతారు. 64 డిగ్రీలంటే దాదాపు నడినెత్తి వైపు, మరి గొడుగు చూస్తే అంత పైకి చూస్తున్నట్టు ఉండదేంటి అని. మన ఇళ్ల మీద ఉండే గొడుగు పూర్తి గిన్నె కాదు, పెద్ద గిన్నెలో ఒక పక్క నుంచి కోసిన ముక్క. అందుకే ఎల్ఎన్‌బీ దాని మధ్యకి ఎదురుగా కాకుండా కింద నుంచి ముందుకొస్తుంది. ఈ రకం గొడుగు తన మొహం చూపించే దానికన్నా ఇరవై రెండు నుంచి ఇరవై ఆరు డిగ్రీలు పైకి చూస్తుంది. కాబట్టి మీ రేకు నిటారు నుంచి నలభై డిగ్రీలు వెనక్కి వాలితే అది 64 దగ్గర ఉన్నట్టే. వెనక బ్రాకెట్ మీద అంకెలు అచ్చేసి ఉంటే అందులో ఈ తేడా కలిపే ఉంటుంది, నేరుగా 64 దగ్గర పెట్టండి. కాని ఆ అంకెల్ని రెండు మూడు డిగ్రీలకి మించి నమ్మొద్దు.

ఇక్కడ ఒక కిటుకుంది. ఉపగ్రహం అంత నెత్తి మీద ఉన్నప్పుడు దిక్కులో తప్పు కన్నా ఎత్తులో తప్పు ఎక్కువ నష్టం చేస్తుంది. గొడుగుని పైపు చుట్టూ ఒక డిగ్రీ తిప్పితే ఆకాశంలో దాని చూపు అర డిగ్రీ కూడా జరగదు. ఎత్తు బోల్టుని ఒక డిగ్రీ కదిపితే మాత్రం చూపు పూర్తిగా ఒక డిగ్రీ జరుగుతుంది. మన వాళ్లు పక్కకి తిప్పడం మీదే ప్రాణం పెట్టి, ఎత్తుని మొదట్లో ఒకసారి పెట్టి మర్చిపోతారు. ఆ రెండో బోల్టు దగ్గరే ఎక్కువ సేపు కూర్చోవాలి.

ఇక వెతుకులాట. బాక్సులో ఇన్‌స్టలేషన్ మెనూలోకి వెళ్లి ఫ్రీ డిష్ ట్రాన్స్‌పాండర్ ఒకటి ఎంచి, క్వాలిటీ గీత కనిపించేలా పెట్టండి. ఇంట్లో ఎవరినైనా టీవీ ముందు కూర్చోబెట్టి వాట్సాప్ వీడియో కాల్ చేయించండి, ఆ గీత మీకు డాబా మీద కనబడుతుంది. కేకల పని లేదు. పైపు క్లాంపు నట్లు గొడుగు బరువుగా కదిలేంత మాత్రమే వదులు చేయండి. ఎత్తు 62 దగ్గర పెట్టి, గొడుగుని ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా తిప్పండి. దొరక్కపోతే 63, 64, 65, 66 అలా ఒక్కో డిగ్రీ పెంచి మళ్లీ తిప్పండి.

నెమ్మదిగా అన్న మాట ఒట్టినే అనలేదు. బాక్స్ సిగ్నల్ని పట్టుకుని గీత చూపించడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. మీరు గబగబా తిప్పితే ఉపగ్రహం దాటిపోయాక గీత లేస్తుంది, అక్కడ ఆపుతారు, పడిపోతుంది, గొడుగులో ఏదో దెయ్యం ఉందనుకుంటారు. వెంట్రుకవాసి జరపడం, మూడు లెక్కపెట్టడం, చూడటం. అంతే.

క్వాలిటీ లేచిందా, వెంటనే సంబరపడకండి. ఛానళ్లు స్కాన్ చేసి డీడీ యాదగిరో, సప్తగిరో వస్తుందేమో చూసుకోండి. పక్క ఉపగ్రహం మీద అదే ఫ్రీక్వెన్సీ, అదే సింబల్ రేటు (సిగ్నల్ వచ్చే వేగం) ఉన్న ట్రాన్స్‌పాండర్ ఉంటే గీత లేస్తుంది గాని ఛానళ్లు మనవి కావు.

సరైన ఉపగ్రహమే అని తేలాక అసలు పని మొదలు. అందరూ అంకె ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఆపేస్తారు. కాని శిఖరం మీద కొంచెం చదునుంటుంది. 78, 79, 79, 78, 79 అని అటూఇటూ ఆడుతుంది, అందులో నడిమి ఎక్కడో తెలియదు. అందుకని నేను శిఖరాన్ని వెతకను, రెండు వాలుల్ని వెతుకుతాను. గొడుగుని ఎడమకి తిప్పుతూ క్వాలిటీ సరిగ్గా 50కి దిగిన చోట ఆపి, క్లాంపు అంచు దగ్గర పైపు మీద సన్నటి మార్కర్‌తో గీత గీస్తాను. మళ్లీ కుడికి తిప్పుతూ శిఖరం దాటి అటువైపు 50కి దిగిన చోట ఇంకో గీత. రెండు గీతలకీ సరిగ్గా నడుమ మూడో గీత, అక్కడ బిగింపు. ఎత్తుకీ అంతే, బ్రాకెట్ గాడి మీద పైన ఒక గీత, కింద ఒక గీత, నడుమ ఆపడం. ఎత్తు మార్చాక దిక్కు ఇంకోసారి చూసుకోవాలి. రెండు మూడు విడతల్లో కుదురుతుంది.

చవక బాక్సుల్లో ఇంకో తలనొప్పి ఉంది. 90 దాటాక గీత కదలదు, ఎటు తిప్పినా 95 అంటుంది. అప్పుడు చేతిరుమాలు తడిపి, పిండి, ఎల్ఎన్‌బీ మూతి మీద ఒక మడత కప్పండి. నీళ్లు సిగ్నల్ని తాగేస్తాయి కదా, క్వాలిటీ 95 నుంచి 50కో 40కో పడుతుంది. ఇప్పుడు గొడుగుని వెంట్రుకవాసి కదిపినా అంకె మారడం కనిపిస్తుంది. మొత్తం పడిపోతే గుడ్డని ఇంకొంచెం పిండండి, లేదా మూతి సగమే కప్పండి. వాన కోసం ఎదురుచూడకుండా వానని మనమే తెచ్చుకోవడం ఇది. ఈ పని నాకు నేర్పినతను విశాఖలో ఓడల మీద డిష్‌లు బిగించేవాడు. నేనైతే ఇప్పటికీ నమ్మే పరీక్ష ఇదొక్కటే. తడి గుడ్డతో బొమ్మ నిలబడితే మామూలు వానకి నిలబడుతుంది.

ఎల్ఎన్‌బీని దాని పట్టులో గుండ్రంగా తిప్పి కూడా చూడాలి. ఉపగ్రహం మనకి నేరుగా దక్షిణాన లేదు, తూర్పుకి జరిగి ఉంది, కాబట్టి దాని తరంగాలు మన దగ్గరికి వాలుగా వస్తాయి. లెక్క ప్రకారం ఖమ్మంలో ఆ వాలు 37 డిగ్రీల దాకా ఉంటుంది. మీ ఎల్ఎన్‌బీ కేబుల్ నేరుగా కిందికి వేలాడేలా బిగించి ఉంటే దాని వల్లే కొంత క్వాలిటీ పోతోంది. ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పి, ఎటు పెరిగితే అటే పోనివ్వండి. అయిదారు డిగ్రీల తేడాకి పెద్దగా ఏమీ కాదు. పట్టులో ముందుకీ వెనక్కీ కూడా నాలుగైదు మిల్లీమీటర్లు జరిపి చూడండి, కొన్ని గొడుగుల్లో అక్కడా రెండు మూడు పాయింట్లు దాక్కుని ఉంటాయి.

బిగింపు దగ్గరే చాలామంది చేసిన పనంతా పోగొట్టుకుంటారు. ఒక నట్టుని ఒకేసారి పూర్తిగా బిగిస్తే క్లాంపు ఆ పక్కకి లాగి, గొడుగు పిసరంత తిరుగుతుంది. మీరు వెతికింది కూడా ఆ పిసరే. ఎడమది పావు చుట్టు, కుడిది పావు చుట్టు, మళ్లీ ఎడమ. వీడియో కాల్ అప్పుడే కట్ చేయకండి. అంకె దిగితే ఆపి, నట్లు వదులు చేసి, మళ్లీ మొదలుపెట్టండి. విసుగొస్తుంది, నిజమే. బిగించాక గొడుగు అంచుని చేత్తో మెల్లగా వెనక్కి నొక్కి చూడండి, తర్వాత ముందుకి లాగి చూడండి. ఎటు నొక్కినా క్వాలిటీ తగ్గాలి. ఒక వైపు నొక్కితే పెరిగిందంటే ఇంకా ఆ వైపు జరగాలన్నమాట.

డిష్‌ని మెట్లగది పైకి మారిస్తే సిగ్నల్ పెరుగుతుందా అని కూడా అడిగారు. పెరగదు. ఎత్తు పెరిగితే సిగ్నల్ పెరుగుతుందన్నది పాత కర్రల యాంటెన్నా కాలం నాటి మాట. అప్పుడు సిగ్నల్ నేల మీదున్న టవర్ నుంచి వచ్చేది. ఇప్పుడది 36,000 కిలోమీటర్ల పైనుంచి వస్తోంది, మీరు పదడుగులు ఎదురెళ్తే దానికేం తెలుస్తుంది? పైకి పోయిన కొద్దీ గాలి దెబ్బ ఎక్కువ, మీకు అందడం కష్టం. పిట్టగోడ లోపలి వైపు, నడుమెత్తున పెట్టుకోండి. నేల మీద పెట్టినా ఇబ్బంది లేదు, ఎదురుగా అడ్డు లేకుండా ఉంటే చాలు. కరెంటు తీగలకి దూరంగా ఉండండి. పిట్టగోడ ఎక్కి కూర్చుని నట్లు బిగించే విన్యాసాలు చేయకండి.

ఆ అడ్డు లెక్క కూడా మనకి కలిసొచ్చేదే. ఉపగ్రహం 64 డిగ్రీల ఎత్తులో ఉంది కాబట్టి గొడుగు కన్నా పది మీటర్లు ఎత్తున్న కొబ్బరిచెట్టు అయిదు మీటర్ల దూరంలో ఉంటే చాలు, చూపు దాని తల మీదుగా పోతుంది. అదే 108.2 డిగ్రీల దగ్గరున్న ఉపగ్రహం వాడే సర్వీసైతే దాని ఎత్తు యాభై చిల్లరే, ఆ చెట్టు దాదాపు ఎనిమిది మీటర్ల దూరం ఉండాలి. పక్కింటివాళ్ల గొడుగుకి అడ్డం రాని చెట్టు మీ గొడుగుకి రావచ్చు, మీది రాకుండా వాళ్లది పోవచ్చు. చెట్టు అడ్డాన్ని కనిపెట్టడం తేలికే. వానకి కాకుండా గాలికి బొమ్మ పోతుంటే అది మట్ట ఊగుతున్నట్టే. కోనసీమలో నేను బిగించిన వాటిలో వచ్చిన ఫిర్యాదుల్లో సగం ఇలాంటివే. కొబ్బరి ఏడాదికేడాది పెరుగుతుంది, గొడుగు అక్కడే ఉంటుంది.

ఇక 90 సెంటీమీటర్ల గొడుగు. దాని విస్తీర్ణం మీ 60 దానికి రెండింతలు దాటుతుంది కాబట్టి సిగ్నల్ నిజంగానే పెరుగుతుంది, షాపతను అబద్ధం చెప్పలేదు. కాని దాని చూపు రెండు డిగ్రీలకి సన్నబడుతుంది. 60కే కుదరని గురి 90కి ఇంకా కుదరదు. గాలి దెబ్బ కూడా రెండింతలు, ఈ పైపూ ఈ బోల్టులూ ఆగవు. పైన చెప్పినవన్నీ చేశాక, తడి గుడ్డ పరీక్ష నెగ్గాక, అప్పటికీ మామూలు వానకి పోతుంటే కొనండి. ఉరుములతో కుండపోత వాన పడ్డప్పుడు పది పదిహేను నిమిషాలు పోవడం అందరికీ ఉన్నదే, దానికి 90 అయినా పెద్దగా చేసేదేం లేదు.

ఒక పరీక్ష ప్రకృతే పెడుతుంది. ఏడాదికి రెండుసార్లు, మార్చి 13 ప్రాంతంలోనూ అక్టోబరు 1 ప్రాంతంలోనూ, ఖమ్మంలో పొద్దున పదకొండు గంటల చుట్టుపక్కల సూర్యుడు సరిగ్గా జీశాట్-15 వెనక్కి వస్తాడు. ఆ కొన్ని నిమిషాలు సూర్యుడి రొద సిగ్నల్ని ముంచేసి, ఎండ కాస్తుండగానే బొమ్మ పోతుంది. ఆ నాలుగైదు రోజుల్లో బాక్స్ పాడైందని జనం ఫోన్లు చేస్తారు. మీరు మాత్రం డాబా ఎక్కి ఎల్ఎన్‌బీ మూతి చూడండి. గురి సరిగ్గా ఉంటే గొడుగులోంచి తిరిగొచ్చిన ఎండ వెలుగు ఆ తెల్ల మూత మీదే పడుతుంది. పక్కకి పడితే ఎంత పక్కకి పడిందో గురి అంత తప్పిందన్నమాట.

ఆదివారం పొద్దున వాన లేకపోతే మొదలుపెట్టండి, మధ్యాహ్నానికి అయిపోతుంది. అంతా బిగించాక పైపు మీదా క్లాంపు మీదా కలిసేలా ఎర్ర పెయింటుతో ఒక గీత గీసి వదిలేయండి. ఈసారి దుమారం వచ్చాక గీత విడిపోయి కనిపిస్తే గొడుగుని మళ్లీ ఆ గీతకి కలిపితే చాలు. పని అయ్యాక తడి గుడ్డ లేకుండా క్వాలిటీ ఎంత, గుడ్డతో ఎంత, రెండు అంకెలూ రాయండి. స్ట్రెంగ్త్ రాయక్కర్లేదు.